సిలిండర్ పెద్దది కొనకు, ముందు చిల్లులు మూయి

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ. రెండడుగుల ప్లాంటెడ్ ట్యాంక్, అంటే మొక్కలు కూడా పెంచే చేపల తొట్టి, పెట్టి ఐదు నెలలైంది. నీళ్లు 60 లీటర్ల దాకా పడతాయి, బోరు నీళ్లే. రోటాలా, నేల మీద పరుచుకునే మాంటీ కార్లో, దుంగకు కట్టిన అనుబియాస్ మొక్కలు, పదిహేను టెట్రా చేపలు ఉన్నాయి. మొక్కలకు సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) ఇవ్వడానికి మొదట ఈస్ట్-చక్కెర పులిసే బాటిల్‌తో నెట్టుకొచ్చాను, అది కుదరక రెండు కేజీల సీఓటూ సిలిండర్ కొన్నాను. రెగ్యులేటర్‌కు సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) ఉంది, టైమర్ లేదు, పొద్దున పదికి స్విచ్ వేసి రాత్రి ఎనిమిదికి ఆపుతాను. లైటు కూడా అదే టైము. సెకనుకు రెండు బుడగలు. సిలిండర్ ఐదు వారాలకే ఖాళీ అయిపోయింది. డ్రాప్ చెకర్‌లో (నీటిలో సీఓటూ ఎంతుందో రంగుతో చూపే చిన్న పరికరం) ట్యాంక్ నీళ్లు పోసి మందు చుక్కలు వేశాను, ఎప్పుడు చూసినా నీలంగానే, అంటే గ్యాస్ తక్కువన్నట్టే ఉంటుంది. ఎడమవైపు రోటాలా బాగుంది, కుడివైపు మాంటీ కార్లో పసుపెక్కి కరిగిపోతోంది, అనుబియాస్ ఆకుల అంచుల మీద నల్లటి కుచ్చుల్లాంటి నాచు. వెనకాల వేలాడే ఫిల్టర్ ఉంది, షాపులో చెప్పారని ఎయిర్ పంప్ కూడా రాత్రీపగలూ పెడుతున్నాను. ఒకరోజు ఎయిర్ పంప్ ఆపితే సాయంత్రానికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి, టెన్షన్‌తో మళ్లీ పెట్టేశాను. ఐదు కేజీల సిలిండర్ కొనమంటావా, మళ్లీ ఈస్ట్‌కే వెళ్లమంటావా? మా నాన్న "గాలికి డబ్బులు పోస్తున్నావురా" అంటున్నాడు.

జవాబు: తమ్ముడూ, ఐదు కేజీల సిలిండర్ కొనకు, ఈస్ట్‌కూ వెళ్లకు. నీ దగ్గరున్నది నీ ట్యాంక్‌కు కావలసిన దానికంటే ఎక్కువే. మీ నాన్న మాటను కోపంగా తీసుకోకు, ఆయన చెప్పింది అక్షరాలా నిజం, నీ గ్యాస్ గాలిలోకే పోతోంది. ఎక్కడెక్కడ పోతోందో నీ ఉత్తరంలోనే ఉంది, చూపిస్తాను.

ముందు ఒక చిన్న లెక్క చెయ్యి. మొక్కలు హాయిగా పెరగడానికి లీటరు నీటిలో 20 నుంచి 30 మిల్లీగ్రాముల సీఓటూ చాలు. 30 అనే అనుకుందాం. నీ 60 లీటర్లకు 1,800 మిల్లీగ్రాములు, అంటే 1.8 గ్రాములు. గ్యాస్ రూపంలో చూస్తే లీటరు వాటర్ బాటిల్‌లో పట్టేంత. ట్యాంక్ మొత్తాన్ని నింపడానికి అంతే! ఇక మొక్కలు తినేదెంత? వారానికోసారి కత్తిరించి పారేసే ముక్కల్ని ఎండబెట్టి తూచు, ఎన్ని గ్రాములొస్తాయో నువ్వే చూడు. ఎండిన మొక్కలో కార్బన్ సుమారు 40 శాతం ఉంటుంది కాబట్టి ఒక గ్రాము ఎండు మొక్క తయారు కావడానికి గ్రామున్నర సీఓటూ సరిపోతుంది. నీ మొక్కలు రోజుకు ఒక గ్రాము తింటే గొప్ప.

ఇప్పుడు నీ ఖర్చు చూద్దాం. రెండు కేజీలు, 35 రోజులు, రోజుకు 57 గ్రాములు. దాంతో నీ ట్యాంక్‌ను రోజుకు ముప్పైసార్లు ఖాళీ చేసి ముప్పైసార్లు నింపొచ్చు. ఇంకో సంగతి, సెకనుకు రెండు బుడగలు, పది గంటలు అంటే 72,000 బుడగలు. బుడగ సైజు ఒక్కో కౌంటర్‌లో (బుడగలు లెక్కపెట్టే చిన్న గొట్టం) ఒక్కోలా ఉంటుంది, అయినా సరే ఒక్కోటి 0.03 మిల్లీలీటరు ఉండే బుడగ అనుకుని, కౌంటర్‌లోని ప్రెషర్ వల్ల అందులో మూడింతల గ్యాస్ ఇరుక్కుని ఉందనుకుని లెక్కేసినా పన్నెండు గ్రాములు దాటదు. మరి మిగతా 45 గ్రాములూ? అది బుడగల కౌంటర్ దాకా రానే లేదు. సిలిండర్‌కూ కౌంటర్‌కూ మధ్య ఎక్కడో లీక్ ఉంది. సోలెనాయిడ్ ఆపినా మెయిన్ వాల్వ్ తెరిచే ఉంచుతున్నావు కాబట్టి ఆ లీక్ రాత్రీపగలూ సాగుతోంది. గంటకు రెండు గ్రాములు కూడా కాదు, అందుకే బుస్సుమనే చప్పుడు వినపడదు.

కాబట్టి మొదటి పని ట్యాంక్ దగ్గర కాదు, సిలిండర్ దగ్గర. రీఫిల్ చేయించుకుని వచ్చాక ఒక గిన్నెలో గిన్నెలు తోమే లిక్విడ్ చిక్కగా కలిపి, చిన్న బ్రష్‌తో ప్రతి జాయింట్ చుట్టూ నురుగు పూయి. సిలిండర్‌కు రెగ్యులేటర్ బిగించే నట్టు, గేజీలు రెండూ బిగించిన చోట్లు, సోలెనాయిడ్ రెండు వైపులా, బుడగల వేగం మార్చే నాబ్ ఉన్న నీడిల్ వాల్వ్ మొదలు, కౌంటర్ మూత. సోలెనాయిడ్ దగ్గర కరెంటు ఉంది కాబట్టి నీళ్లు కారేలా పొయ్యకు, ప్లగ్ తీసి తడి నురుగు మాత్రం అద్దు. పూసి వెంటనే వెళ్లిపోకు, రెండు మూడు నిమిషాలు ఫోన్ టార్చ్ వేసి అక్కడే కూర్చో. నాకు ఇదే జరిగింది, రెండు రీఫిల్స్ పోగొట్టుకున్నాక ఒక రాత్రి ఇలాగే కూర్చున్నాను. మెయిన్ నట్టు కింది అంచున, అద్దంలో చూస్తే తప్ప కనపడని చోట, ఒక బుడగ ఆవగింజంత పుట్టి, మెల్లగా సగ్గుబియ్యం గింజంత పెరిగి, పగిలి, మళ్లీ అక్కడే ఇంకోటి మొదలైంది. పది సెకన్లకొకటి. రీఫిల్ తర్వాత లోపలి వాషర్ నలిగి పక్కకు జరిగింది, అంతే. అక్కడ ప్లంబర్లు చుట్టే తెల్ల టేపు చుట్టకు, ఆ జాయింట్‌ను మూసేది మరలు కాదు, వాషరే. కొత్త వాషర్ వేసి, స్పానర్‌తో గట్టిగా బిగిస్తే చాలు. రెండు వాషర్లు అదనంగా ఇంట్లో పెట్టుకో.

లీక్ పోయిందో లేదో రాత్రి తెలుసుకోవచ్చు. సోలెనాయిడ్ ఆపి, మెయిన్ వాల్వ్ కట్టేసి, పెద్ద గేజీ ముల్లు ఎక్కడుందో ఫొటో తీసుకో. పొద్దునకు ఆ ముల్లు దాదాపు అక్కడే ఉండాలి. గది చల్లబడితే కొద్దిగా కదులుతుంది, అది లెక్క కాదు. సున్నాకు పడిపోతే ఇంకో చిల్లు మిగిలే ఉందని అర్థం.

ట్యూబ్ కూడా చూడు. ఎయిర్ పంప్‌కు వాడే మెత్తటి సిలికాన్ ట్యూబ్ గనక పెట్టి ఉంటే మార్చెయ్యి, సీఓటూ ఆ గోడల్లోంచే ఊరిపోతుంది. కాస్త గట్టిగా ఉండే పాలీయురేథేన్ ట్యూబ్ అడుగు. చెక్ వాల్వ్ లేకపోతే అది కూడా, లేదంటే గ్యాస్ ఆగినప్పుడు ట్యాంక్ నీళ్లు వెనక్కి పాకి రెగ్యులేటర్‌లోకి వెళ్తాయి.

ఇక్కడ ఒక్క మాట, ఇది మొక్కల గురించి కాదు, నీ గురించి. ఈ ట్యాంక్ పడకగదిలో ఉంటే, తలుపులు మూసి ఏసీ వేసుకుని పడుకునే గది అయితే, లీక్ తేలేదాకా రాత్రిపూట మెయిన్ వాల్వ్ కట్టెయ్యి. రెండు కేజీల సీఓటూ అంతా ఒక్కసారి బయటికొస్తే సుమారు 1,100 లీటర్ల గ్యాస్. పదడుగుల గదిలో అది నాలుగు శాతం దగ్గరికి వస్తుంది, అది మనిషి ప్రాణానికే ప్రమాదమైన స్థాయి. సిలిండర్‌ను నిలబెట్టి గొలుసుతోనో తాడుతోనో గోడకో స్టాండ్‌కో కట్టు. పడుకోబెట్టి వాడితే లోపలి ద్రవం రెగ్యులేటర్‌లోకి వస్తుంది. సిలిండర్ భుజం మీద కొట్టిన టెస్ట్ తేదీ చూసుకో, ఐదేళ్లకోసారి ప్రెషర్ టెస్ట్ జరగాలి. తేదీ దాటిన పాత సిలిండర్ చౌకగా వస్తుందని ఇంట్లోకి తేవద్దు.

ఇప్పుడు ట్యాంక్‌లోకి వద్దాం. నీ డ్రాప్ చెకర్ నిన్ను మోసం చేస్తోంది, తప్పు దానిది కాదు, అందులో పోసిన నీళ్లది. ఆ మందు నీటి పీహెచ్‌ను బట్టి రంగు మారుతుంది, 6.6 దగ్గర ఆకుపచ్చగా ఉంటుంది. పీహెచ్ ఎంత దిగుతుందనేది సీఓటూ ఒక్కదాన్ని బట్టే కాదు, నీటిలో బైకార్బొనేట్ ఎంత ఉంది, అంటే కేహెచ్ ఎంత అనేదాన్ని బట్టి కూడా ఉంటుంది. కేహెచ్ 4 ఉన్న నీళ్లు పోస్తేనే ఆకుపచ్చ అంటే 30 మిల్లీగ్రాములు అనే లెక్క నిలుస్తుంది. మన బోరు నీళ్లలో కేహెచ్ 12, 14 ఉండడం కొత్తేమీ కాదు. కేహెచ్ 14 ఉన్న నీళ్లు అందులో పోస్తే అది ఆకుపచ్చకు రావాలంటే లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటాలి, ఆలోపే టెట్రాలు ఒక్కటీ మిగలవు. నీలంగా ఉందని నువ్వు బుడగలు పెంచుకుంటూ పోయావు. ఆ రోజు ఎయిర్ పంప్ ఆపగానే చేపలు పైకొచ్చాయంటే గ్యాస్ తక్కువైనందుకు కాదు, ఎక్కువైనందుకు. అన్నాళ్లూ వాటిని బతికించింది, గ్యాస్‌ను తోడి బయటపోసింది, రెండూ ఆ ఎయిర్ పంపే.

కేహెచ్ 4 నీళ్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి. ఇంట్లో చేసుకోవాలంటే ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో ఆరు గ్రాముల వంటసోడా పూర్తిగా కరిగించు, అది కేహెచ్ 40. అందులోంచి ఒక వంతు తీసి తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపితే కేహెచ్ 4. ఫిల్టర్ నీళ్లు, మినరల్ వాటర్ పనికిరావు, వాటిలో ఎంతోకొంత బైకార్బొనేట్ ఉంటుంది. చెకర్‌లో ఈ నీళ్లు పోసి, రెండు మూడు చుక్కల మందు వేసి, డిఫ్యూజర్‌కు (గ్యాస్‌ను సన్నటి బుడగలుగా నీటిలోకి వదిలేది) దూరంగా, నీ మాంటీ కార్లో కరిగిపోతున్న కుడి మూలలోనే తగిలించు. దగ్గర పెడితే బుడగలు నేరుగా నోట్లోకి వెళ్లి అబద్ధం చెబుతుంది. రంగు మారడానికి రెండు గంటల దాకా పడుతుంది కాబట్టి అది చూపించేది ఇప్పటి సంగతి కాదు, రెండు గంటల కిందటిది. ఈలోగా పీహెచ్ మీటర్ ఉంటే పొద్దున గ్యాస్ తెరవకముందు ఒకసారి, లైటు సగం టైములో ఒకసారి చూడు. పీహెచ్ ఒకటి తగ్గిందంటే సీఓటూ పదింతలు పెరిగినట్టు. గ్యాస్ లేనప్పుడు మామూలుగా ట్యాంక్‌లో రెండు మూడు మిల్లీగ్రాములు ఉంటాయి కాబట్టి ఒకటి తగ్గితే సుమారుగా నీకు కావలసిన చోటికి చేరావు. దీనికి నీ బోరు నీటి కేహెచ్ ఎంత ఉన్నా పట్టింపు లేదు, అందుకే నాకు డ్రాప్ చెకర్ కంటే దీని మీదే నమ్మకం ఎక్కువ.

అసలు ట్యాంక్‌లోంచి గ్యాస్ ఎలా పోతుందో అర్థం కావాలంటే గోలీసోడా గుర్తు తెచ్చుకో. గోలీ కొట్టి అలాగే ఉంచితే కాసేపటిదాకా ఘాటు ఉంటుంది. గ్లాసులోంచి గ్లాసులోకి నాలుగుసార్లు తిరగబోస్తే ఒక్క నిమిషంలో చప్పబడిపోతుంది. అందులో నింపేదీ ఇదే గ్యాస్. గాలితో మాత్రమే సరితూగి ఉన్న నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా సీఓటూ ఉండదు, నువ్వు దాన్ని 30 దగ్గర నిలబెట్టాలని చూస్తున్నావు, అంటే అది ప్రతి క్షణం బయటికి పోవాలనే చూస్తుంది. నీ ట్యాంక్‌లో తిరగబోసే పని రెండు చోట్ల జరుగుతోంది. ఒకటి ఎయిర్ పంప్, రెండోది వేలాడే ఫిల్టర్ నుంచి జలపాతంలా పడే నీళ్లు. ఫిల్టర్ మూతి దాకా ట్యాంక్ నీటి మట్టం పెంచు, నీళ్లు పైనుంచి దూకకుండా ఉపరితలం మీదకు జారేలా. వేసవిలో ఆవిరై రెండు రోజులకే మట్టం దిగుతుంది, రోజూ ఒక చెంబు కలుపు. ఎయిర్ పంప్‌ను పూర్తిగా తీసెయ్యకు, దాని టైము మార్చు. గ్యాస్ ఆగిన గంటకు మొదలై మర్నాడు గ్యాస్ మొదలయ్యే ముందు ఆగాలి. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చి సీఓటూ వదులుతాయి కాబట్టి అప్పుడే చేపలకు దాని అవసరం.

అలాగని ఉపరితలం అద్దంలా కదలకుండా ఉంచాలని చూడకు. కొంతమంది గ్యాస్ మిగులుతుందని అలా చేస్తారు, నాకు అది నచ్చదు. కదలని నీటి మీద నూనె తెట్టులాంటి పొర కడుతుంది, లోపలికి ఆక్సిజన్ రాదు, కాస్త గ్యాస్ ఎక్కువైనా చేపలు తట్టుకోలేవు. దీపం వెలుగు పడితే అలలు మెల్లగా వణికినట్టు కనపడాలి, నురుగు మాత్రం లేవకూడదు. ఆ కాస్త కదలికకు కొంత గ్యాస్ పోతుంది, పోనీ. చేపల ప్రాణం ముందు అదెంత.

నీ కుడివైపు సమస్య గ్యాస్ కొరత కాదు, అక్కడికి నీళ్లు చేరకపోవడం. గ్యాస్ గాలిలో పాకే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు పది వేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. నువ్వు ఎడమ మూలలో వదిలింది తనంతట తాను కుడి మూలకు చేరాలంటే ఏళ్లు పడుతుంది, ప్రవాహమే మోసుకెళ్లాలి. అంతేకాదు, ప్రతి ఆకు చుట్టూ కదలని నీటి పొర ఒకటి అతుక్కుని ఉంటుంది, నీళ్లు కదులుతుంటే ఆ పొర పలచబడి గ్యాస్ ఆకుకు త్వరగా అందుతుంది. అదే 20 మిల్లీగ్రాములు కదిలే నీటిలో చేసే పని, నిలిచిన నీటిలో 30 కూడా చెయ్యలేకపోవచ్చు. గంటకు 300 లీటర్లు తోసే చిన్న పవర్ హెడ్ (నీటిలో మునిగి ఉండే పంపు) ఒకటి కొను, పెద్ద సిలిండర్ ఖర్చులో ఎన్నో వంతు కూడా కాదు. ఎడమ గోడకు, కింది నుంచి మూడో వంతు ఎత్తులో, మూతి కుడివైపుకూ కొంచెం కిందికీ తిప్పి పెట్టు. దాని ముందు అడుగున డిఫ్యూజర్ ఉంచు. పొగలాంటి సన్నటి బుడగలు నేల వెంట మాంటీ కార్లో మీదుగా కుడి గోడ దాకా వెళ్లి అప్పుడు పైకి లేవాలి. ఆకులు ఊగుతున్నాయా లేదా చూడు, అన్ని మూలలా కొంచెమైనా ఊగాలి.

డిఫ్యూజర్ సిరామిక్ పలక మీద ఆకుపచ్చ నాచు పట్టిందేమో చూడు. రంధ్రాలు మూసుకుపోతే సన్నటి పొగ బదులు రెండు మూడు చోట్ల నుంచి పెద్ద పెద్ద బుడగలు వస్తాయి, అవి కరగకుండానే పైకి తేలి పగిలిపోతాయి. నెలకోసారి తీసి, బ్లీచింగ్ కలిపిన నీటిలో రెండు గంటలు నానబెట్టి, బాగా కడిగి, క్లోరిన్ పోగొట్టే మందు కలిపిన నీటిలో ఇంకొన్ని గంటలు ఉంచి, వాసన పూర్తిగా పోయాకే పెట్టు. బ్రష్‌తో గీకకు.

లైటు పది గంటలు ఎందుకు? కొత్త ట్యాంక్‌కు ఏడు గంటలు చాలు. లైటు ఆకలి పుట్టిస్తుంది, సీఓటూ అన్నం పెడుతుంది. ఆకలి పెంచి అన్నం పెట్టకపోతే మొక్క నీరసిస్తుంది, నాచు బలుస్తుంది. డెన్మార్క్ పరిశోధకులు రిచియా అనే నీటి మొక్క మీద చేసిన ప్రయోగం ఒకటుంది, తక్కువ లైటులోనే ఉంచి సీఓటూ మాత్రం పెంచినా పెరుగుదల సుమారు నాలుగు రెట్లయింది. గ్యాస్ సరిపోయేంత ఉంటే మొక్క ఆ గాలిని పట్టుకునే యంత్రాంగం మీద తక్కువ ఖర్చు పెట్టి, ఉన్న కాస్త వెలుతురునూ బాగా వాడుకుంటుంది. అందుకే లైటు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా పెట్టు, నువ్వు ఇంట్లో ఉండి చూసుకునే టైము కూడా అదే. గ్యాస్ పన్నెండున్నరకు మొదలై ఎనిమిదికి ఆగాలి. లైటు వెలిగే సరికే నీటిలో గ్యాస్ సిద్ధంగా ఉంటుంది, ఆఖరి గంట ఉన్నదాంతోనే గడిచిపోతుంది. దీనికి టైమర్ కావాలి, చేత్తో స్విచ్ వెయ్యడం వద్దు. ఆ నల్ల కుచ్చుల నాచు ఎక్కువగా వచ్చేది గ్యాస్ ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అయ్యే ట్యాంక్‌లలోనే. దాని కోసం మందులు పొయ్యకు, పట్టిన ముసలి ఆకులు కత్తిరించు, రోజూ ఒకే టైములో ఒకే లెక్కలో గ్యాస్ ఇస్తే కొత్త ఆకులు శుభ్రంగా వస్తాయి. బాటిల్‌లో అమ్మే ద్రవ కార్బన్ జోలికీ పోకు, అందులో ఎక్కువగా ఉండేది గ్లూటరాల్డిహైడ్, నాచును చంపుతుంది గానీ గ్యాస్‌కు బదులు కాదు, డోసు తప్పితే చేపల మీదికీ వస్తుంది.

కరెంటు విషయం ఒకటి తప్పకుండా చూసుకో. సోలెనాయిడ్ కరెంటు పోతే దానంతటదే మూసుకుంటుంది, మంచిదే. కానీ సోలెనాయిడ్ ఇన్వర్టర్ లైన్ మీద, ఫిల్టర్ మామూలు లైన్ మీద ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు కదలకుండా గ్యాస్ మాత్రం పడుతూనే ఉంటుంది. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టు.

ఇక సిలిండర్ ఆఖరి దశ, దీన్ని నేను బాధతో రాస్తున్నాను. లోపల ద్రవం ఉన్నంతకాలం పెద్ద గేజీ ముల్లు కదలదు, 20 డిగ్రీల దగ్గర 57 బార్, 30 దగ్గర 72 బార్, సగమున్నా పావున్నా అంతే. ద్రవం అయిపోయాక ముల్లు గబగబా పడుతుంది, అప్పుడు మామూలు ఒకే స్టేజీ రెగ్యులేటర్‌లో బయటికొచ్చే ప్రెషర్ తగ్గకపోగా పెరుగుతుంది, బుడగలు గీతలా పరిగెడతాయి. నేను ఊరెళ్లిన రోజే అలా జరిగింది, తిరిగొచ్చి తలుపు తీసేసరికి మూడేళ్లుగా పెంచుకున్న చేపలన్నీ తెల్లబడి పైన తేలుతున్నాయి. పక్కనే మొక్కలు ముత్యాల్లాంటి బుడగలతో ఎప్పుడూ లేనంత అందంగా ఉన్నాయి. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. కాబట్టి ముల్లు 35 బార్‌కు దిగిందంటే ఇంకా నాలుగు రోజులొస్తుందని చూడకు, కట్టేసి రీఫిల్‌కు తీసుకెళ్లు. ఊరెళ్తుంటే గ్యాస్ ఆపి, లైటు నాలుగు గంటలకు తగ్గించి వెళ్లు, వారం రోజులకు మొక్కలకేమీ కాదు.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ట్యాంక్ నీళ్లు 32 డిగ్రీలు దాటతాయి. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా పట్టే ఆక్సిజన్ 32 దగ్గర 7 చిల్లరకు పడిపోతుంది, చేపల ఊపిరి వేగం మాత్రం పెరుగుతుంది. ఆ రెండు నెలలూ 30 కోసం పట్టుబట్టకు, 20 చాలు. సిలిండర్‌ను ఎండ పడే బాల్కనీలో, పొయ్యి పక్కన ఉంచకు. 31 డిగ్రీలు దాటాక లోపల ద్రవమంటూ మిగలదు, ప్రెషర్ బాగా పెరుగుతుంది. రీఫిల్ షాపులో "ఇంకొంచెం కొట్టన్నా" అని అడగొద్దు, రెండు కేజీలదానిలో రెండు కేజీలే.

ఈస్ట్ సంగతి అడిగావు. అది మన వేసవిలో మొదటి వారం పొంగి రెండో వారానికి చచ్చిపోతుంది, రాత్రి ఆపడం కుదరదు, రోజుకో లెక్క. నీ చేతిలో సోలెనాయిడ్ ఉన్న సిలిండర్ ఉండగా దాని అవసరం లేదు. నీ ట్యాంక్‌లో అనుబియాస్ ఒక్కటే ఉంటే అసలు గ్యాసే వద్దనేవాణ్ని, మాంటీ కార్లోను నేలంతా పరిచి చూడాలనుకుంటున్నావు కాబట్టి చెబుతున్నాను.

మొదలుపెట్టేది ఆదివారం పెట్టుకో, రోజంతా ఇంట్లో ఉండాలి. లీక్ తేలి, పవర్ హెడ్ బిగించి, డ్రాప్ చెకర్ నీళ్లు మార్చాకే పగలు ఎయిర్ పంప్ ఆపు. బుడగలు సెకనుకు ఒకటికి తగ్గించు. గంటకోసారి చేపల్ని చూడు. పైకొచ్చి మూతులు ఆడిస్తే వెంటనే గ్యాస్ ఆపి ఎయిర్ పంప్ వేసి, మూడో వంతు నీళ్లు మార్చు, మర్నాడు ఇంకా తగ్గించి మొదలుపెట్టు. బాగుంటే రెండు రోజులు అలాగే వదిలేసి, చెకర్ ఇంకా నీలంగా ఉంటే అప్పుడు కొంచెం పెంచు, మళ్లీ రెండు రోజులు ఆగు. చెకర్ లేతాకుపచ్చకు వచ్చి, చేపలు మామూలుగా తిరుగుతుంటే ఆ నాబ్ ఇక ముట్టుకోకు.

సిలిండర్‌లో ఎంత ఉందో గేజీ చెప్పదు కాబట్టి తూకమే దిక్కు. రీఫిల్ తెచ్చిన రోజే రెగ్యులేటర్‌తో సహా కాటా మీద పెట్టి బరువు, తేదీ ఒక కాగితం మీద రాసి సిలిండర్‌కు అంటించు, ప్రతి ఆదివారం తూచి కింద రాస్తూ పో. లీక్ లేకపోతే వారానికి 50 గ్రాములకు మించి తగ్గకూడదు, అంటే ఇప్పుడు ఒక్క రోజులో పోతున్నది వారమంతా వస్తుంది. నాలుగు ఆదివారాల అంకెలు పడ్డాక ఆ కాగితం మీ నాన్నకు చూపించు, నాకూ పంపు. కుడి మూల మాంటీ కార్లో కొత్త ఆకు వేసిందో లేదో కూడా రాయి.